చెరిపేస్తామన్న ఫోటోలు

ఆరోగ్యమేరి ఫోన్లో ఆ యాప్ ఎక్కించి ఇచ్చింది సునయనే.

ఇద్దరిదీ ఒకటే ఆఫీసు. పెరుంగుడిలో ఒక అద్దాల మేడలో, ఆన్‌లైన్లో ఆడవాళ్ళ బట్టలమ్మే కంపెనీ. సునయన అక్కడ సర్వర్లలో సమాచారం దాచే డ్రైవుల బాగోగులు చూసే ఇంజనీరు. ఆరోగ్యమేరి కాంట్రాక్టు మీద వచ్చి, టీలందించి, బల్లలు తుడిచే మనిషి. సునయనది తెనాలి. మద్రాసు వచ్చి ఏళ్ళవుతున్నా తమిళం ఆమె నోటికి పట్టలేదు. ఆరోగ్యమేరి వాళ్ళు తాతల నాడే నెల్లూరు వైపు నుంచి వచ్చి పెరంబూరులో స్థిరపడ్డారు. భర్త జెబరాజ్ రైల్వే వర్క్‌షాపులో వెల్డరు. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం.

ఒకరోజు సునయన ఫోన్లో వాళ్ళమ్మతో మాట్లాడుతుంటే ఆరోగ్యమేరి టీ ట్రేతో ఆగిపోయి, "పాపా, నువ్వు మనోళ్ళేనా? ఇన్నాళ్ళూ ఇంగ్లీషులో టీ అడిగించుకున్నానే!" అని నవ్వింది. ఆ రోజు నుంచి సాయంత్రాలు ఇద్దరూ ఒకే రైలెక్కేవాళ్ళు. మైలాపూరులో సునయన దిగిపోయేది, అక్కడ ఆమె హాస్టలు. ఆరోగ్యమేరి పార్క్ టౌన్ దాకా వెళ్ళి, రోడ్డు దాటి, సెంట్రల్లో పెరంబూరు బండి పట్టుకునేది.

ఆరోగ్యమేరి తమ్ముడి కూతురికి పెళ్ళి కుదిరింది. పెళ్ళికి కట్టుకునే పట్టుచీర ఉంది గానీ, దాని మీదికి సరైన జాకెట్టు లేదు. రెడీమేడ్‌వి ఎప్పుడూ భుజాల దగ్గర పట్టేస్తాయి, నడుం దగ్గర వదులవుతాయి. ఆ సంగతి రైల్లో చెప్పుకుంటే, సునయన తన కంపెనీ యాప్‌లో కొత్తగా పెట్టిన సదుపాయం గురించి చెప్పింది. బిగుతైన లోపలి బట్టలతో నిలబడి ఫోటో తీసి పంపితే, కంప్యూటరే కొలతలు తీసి సరిపోయేది చూపిస్తుంది. కొలత తీసిన మరుక్షణం ఫోటో చెరిపేస్తామని యాప్‌లో పెద్ద అక్షరాలతో రాసి ఉంటుంది.

ఆరోగ్యమేరి వెంటనే ఒప్పుకోలేదు. "అట్లాంటి ఫోటోనా? ఎవురూ చూడరు కదా పాపా?"

"మనుషులెవరూ చూడరక్కా. యంత్రం చూస్తుంది, కొలత తీసుకుంటుంది, చెరిపేస్తుంది. ఆ యంత్రాలు చూసుకునేది నేనేగా!"

ఆ చివరి మాట సునయన కాస్త గర్వంగానే అంది. జాకెట్టు వచ్చింది, అచ్చుగుద్దినట్టు సరిపోయింది. పెళ్ళిలో వదినలందరూ ఏ టైలరని అడిగారట. ఆరోగ్యమేరి ఆ ముచ్చట వారం పాటు చెప్పింది.

దీపావళి సేల్ దగ్గర పడుతుండగా కంపెనీకి కొత్త ఫ్లాష్ డ్రైవులు వచ్చాయి. అరచేతి వెడల్పున్న పలకలు. పాత కాలపు డిస్కుల్లా లోపల ఏదీ గిరగిరా తిరగదు. అన్నీ చిప్పులే. లక్షల మంది ఒక్కసారి సైటు మీద పడ్డా రెప్పపాటులో బట్టల బొమ్మలు చూపించేది అవే. ఒకటే లోపం, చెరిపి రాసిన కొద్దీ ఆ చిప్పులు అరిగిపోతాయి. అందుకే కొన్నాళ్ళకు పాతవి తీసి కొత్తవి పెట్టాలి. తీసిన పాతవాటిని ల్యాబులో ఒకసారి పరీక్షించి, యంత్రంలో వేసి పొడి చేయించాలి. ఆ మార్పిడి బాధ్యత సునయనది.

ఒక మధ్యాహ్నం భోజనాల వేళ, కొత్త డ్రైవులకు అంటించే లేబుళ్ళు అయిపోతే తెచ్చుకుందామని ఆమె ల్యాబు తలుపు తోసింది.

లోపల బిరియానీ వాసన గుప్పున కొట్టింది. ల్యాబులో తిండి నిషేధం. డ్రైవులు పరీక్షించే కుర్రాడు అనిరుధ్, అతని పక్కన ఇంకో ఇద్దరు కుర్చీలు దగ్గరికి లాక్కుని, పొట్లాలు ఒళ్ళో పెట్టుకుని తింటున్నారు. పరీక్ష చేయాల్సిన పాత డ్రైవు కంప్యూటరుకు తగిలించి ఉంది. అనిరుధ్ కుడి చేత్తో ముద్ద తిని, అదే చేత్తో మౌసు పట్టుకున్నాడు. తెర మీద వరసగా ఫోటోలు.

ఆడవాళ్ళు. పడకగదుల్లో, గోడకానించిన అద్దాల ముందు, బట్టలారేసిన తీగల కింద. కొలతల కోసం చేతులు పక్కలకు చాచి, యాప్ చెప్పినట్టు బుద్ధిగా నిలబడ్డ ఆడవాళ్ళు. సునయన వచ్చింది వాళ్ళు చూసుకోలేదు.

"అరేయ్, ఆగాగు. వెనక్కి పో," అన్నాడు పక్కవాడు. "మన టీ ఆంటీ కదరా ఇది!"

ముగ్గురూ పగలబడి నవ్వారు. ఒకడికి పొలమారింది. మెతుకులు తెర మీద పడ్డాయి. అనిరుధ్ వేలితో ఆ మెతుకులు తుడిచాడు, ఫోటో మీద నూనె చార పడింది.

సునయన రెండంగల్లో వెళ్ళి మౌసు లాక్కుని తెర మీది ఫోటోలు మూసేసింది. మౌసు జిడ్డుగా, వెచ్చగా ఉంది. ముగ్గురూ లేచి నిలబడ్డారు.

"పరీక్షే చేస్తున్నాం మేడం," అన్నాడు అనిరుధ్. మూతి తుడుచుకుంటూ, కాస్త నవ్వుతూనే అన్నాడు. "ఫైళ్ళు తెరుచుకుంటున్నాయా లేదా అని."

వాళ్ళను బయటికి పొమ్మంది. ఆ కంప్యూటర్లో అనిరుధ్ విడిగా పెట్టుకున్న ఫోల్డరు ఒకటి కనబడింది. దానికి వాడు పెట్టిన పేరు చదివాక ఆమె ఇంకేమీ తెరవలేదు. వైర్లు పీకి, ఆ కంప్యూటర్లోని డ్రైవు కూడా ఊడదీసి, పాత డ్రైవుల పెట్టెలో పడేసింది. తర్వాత బాత్రూముకు పరుగెత్తి వాంతి చేసుకుంది. సబ్బుతో ఎన్నిసార్లు కడిగినా వేళ్ళకు ఆ మసాలా వాసన వదల్లేదు.

నిరంజన్ గదికి వెళ్ళేసరికి అతను కిటికీ దగ్గర మొక్కకు నీళ్ళు పోస్తున్నాడు. ఆ విభాగానికి అతనే పెద్ద. హైదరాబాద్ మనిషి, గొంతు పెంచి ఎరగడు. సునయన చెప్పిందంతా ఓపిగ్గా విన్నాడు.

"ఛ, తప్పు. పోరగాళ్ళకు బుద్ధి లేదు. నేను గట్టిగ చెప్త," అన్నాడు.

"అసలు ఆ ఫోటోలు అక్కడెందుకున్నాయండీ? చెరిపేస్తామన్నాం కదా!"

"చెరిపితే ఫ్లాష్ అరుగుతది, నీకు తెల్వనిదా? పోయిన సేల్ టైంల సైటు స్లో అయింది. అందుకే చెరపుడు ఆపించిన. సేల్ అయినంక మళ్ళ ఆన్ చేయాలె అనుకున్నం, మరిచిపోయినం. అంతే."

ఎంత తేలిగ్గా అన్నాడు! కిందటి సమావేశంలో మన డ్రైవులు అనుకున్న దానికన్నా చాలా తక్కువ అరిగాయని లెక్కలు చూపించి చప్పట్లు కొట్టించుకుంది తనే. ఎందుకు తక్కువ అరిగాయో ఆమె అడగలేదు, ఎవరూ అడగలేదు. ఆ చప్పట్లు ఇప్పుడు చెవుల్లో మోగి ఆమెకు తన మీద తనకే ఏవగింపు కలిగింది.

"చూడు సునయనా," అన్నాడు నిరంజన్. "బయటోళ్ళు ఎవ్వరూ చూడలే. ఇంట్ల ముచ్చట ఇది. పొడి చేసే బండిని ఇయ్యాల్నే పిలిపిస్త, నువ్వు దగ్గరుండి సంతకం పెట్టు. ఇంక ఆమెకు మాత్రం చెప్పకు. ఆమెకేం తెల్వదు, హాయిగ ఉన్నది. చెప్పినవనుకో, బాధపెట్టింది నువ్వయితవు."

అప్పుడే తలుపు చప్పుడైంది. ఆరోగ్యమేరి టీ తెచ్చింది. నిరంజన్ కప్పు అందుకుని, ఆమె ముఖంలోకి చూసి, "థాంక్యూ అక్కా, అల్లం మస్తుగ పడ్డది," అన్నాడు. ఆ చిరునవ్వులో చిన్న వంకర కూడా లేదు. మనిషన్నవాడికి ఇంత నునుపైన ముఖం ఎలా ఉంటుందో సునయనకు అర్థం కాలేదు.

బండి మూడింటికల్లా కింద పార్కింగులోకి వచ్చింది. ఇదివరకు ఆ బండి కోసం వారాల తరబడి మెయిళ్ళు పెట్టినా కదలని వాళ్ళు, ఇవాళ గంటలో పంపించారు. పెట్టె ముందు నిలబడి సునయన పెన్ను తీసింది. ఇవన్నీ పొడైపోవడమే మంచిది, ఎవరూ ఇంకెప్పుడూ చూడలేరు అనుకుంది. అంతలోనే నిరంజన్ తొందర గుర్తొచ్చింది. పొడైతే ఫోటోలతోపాటు వీళ్ళు చేసిన పని కూడా పొడైపోతుంది. రేపు ఏ ఆడమనిషి వచ్చి అడిగినా, ఏ ఫోటోలమ్మా అని వీళ్ళే ఎదురడుగుతారు. ఉంచితే ఎవడో ఒకడు మళ్ళీ చూడవచ్చు, పొడి చేస్తే ఎవరికీ ఎప్పటికీ తెలియదు. రెండూ రోతగానే ఉన్నాయి. అయినా ఇది తేల్చాల్సింది తనూ కాదు, నిరంజనూ కాదు.

ఆమె సంతకం పెట్టలేదు. బండిని వెనక్కి పంపించి, పెట్టెను సర్వర్ల గదిలో ఇనుప కటకటాల వెనక పెట్టి తాళం వేసి, తాళంచెవి తన బ్యాగులో వేసుకుంది.

సాయంత్రం పెరుంగుడి స్టేషన్లో గాలి చిత్తడి నేలల మీదుగా వీస్తూ చెత్తకుప్పల కంపు మోసుకొస్తోంది. రోజూ ముక్కుకు కొంగడ్డం పెట్టుకునే ఆరోగ్యమేరి ఆ రోజు కూడా అలాగే నిలబడి, సునయన ముఖం చూసి, "ఏంది పాపా, అట్లుండావు? ఒళ్ళు బాగలేదా?" అంది.

సునయన చెప్పింది. చుట్టు తిప్పకుండా, తప్పించుకోకుండా, మొదటి నుంచి చివరి దాకా చెప్పింది. చెబుతున్నంతసేపూ ఆరోగ్యమేరి ప్లాట్‌ఫాం అంచు వైపే చూసింది. కొంగు ముక్కు మీద నుంచి ఎప్పుడు జారిందో ఆమెకు తెలియలేదు.

"ఎవురెవురు చూసినారు?"

సునయన పేర్లు చెప్పింది.

"అనిరుధా?" ఆరోగ్యమేరి చటుక్కున ఇటు తిరిగింది. "పొద్దున్నే ఆ పిలగాడు గొంతు నొప్పి అంటే, టీలో మిరియాలు దంచి వేసి ఇస్తినే!" "చీ. కస్మాలాలు," అని పట్టాల మీదికి ఊసింది. నోట్లో ఏదో కుళ్ళినది పడ్డట్టు మళ్ళీ మళ్ళీ ఊసింది.

"అక్కా..."

"నువ్వు చూస్తివా?"

సునయన తల దించుకుంది. "చూశాను. మూసేయడానికి వెళ్ళినప్పుడు కనబడింది."

"నువ్వు చెప్తేనే కదా నేను పంపిస్తి. ఎవురూ చూడరంటివే. నేనే చూసుకుంటానంటివే."

రైలు వచ్చింది. ఆరోగ్యమేరి గబగబా నడిచి వేరే పెట్టెలో ఎక్కేసింది. సునయన వెంట వెళ్ళలేదు. మైలాపూరులో దిగాక కిటికీలన్నీ వెతికింది గానీ, జనంలో ఆమె కనబడలేదు.

మర్నాడు ఆరోగ్యమేరి రాదనుకుంది సునయన. వచ్చింది. నీలం యూనిఫారం లేదు, ఇస్త్రీ చీర కట్టుకుంది. వెనకాల జెబరాజ్. ఎప్పుడూ ఆ మేడలో అడుగుపెట్టని మనిషి, చెప్పులు బయట విడవాలో వద్దో తెలియక గుమ్మం దగ్గరే నిలబడిపోయాడు. ఆరోగ్యమేరి మాత్రం తిన్నగా అనిరుధ్ బల్ల దగ్గరికి పోయింది.

"లెయ్," అంది.

వాడు లేచాడు. ముఖాన నెత్తుటి చుక్క లేదు.

"నిన్న నువ్వు చూసింది నాకూ చూపీ. నేనూ నవ్వుకుంటా."

"సారీ ఆంటీ. ఊరికే... సరదాకి..."

"సరదాకా? ఇంటికి పోయి మీ యమ్మకు చెప్పు, ఇట్లా సరదా చేసుకున్నానని. ఆమె నవ్విందంటే నాకొచ్చి చెప్పు."

చుట్టూ ఉన్నవాళ్ళంతా తెరల్లోకి తలలు దూర్చేశారు. అంతమంది చదువుకున్నవాళ్ళలో ఒక్కరు కూడా తలెత్తలేదు. అంతకన్నా అనిరుధ్ నీళ్ళు నమలడమే నయమనిపించింది సునయనకు. వాడు కనీసం సిగ్గుపడుతున్నాడు.

నిరంజన్ గదిలోంచి వచ్చాడు. "అక్కా, లోపల కూసొని మాట్లాడుదాం. నలుగురిల పెడితే మీకే నామోషీ కదా."

"నాకేం నామోషీ సారూ? నేను జాకెట్టు కొనుక్కుంటి. చెరిపేస్తామని రాసింది మీరు, చెరపంది మీరు." ఆమె ఇంకో అడుగు ముందుకు వేసింది. "ఇంకెంతమంది ఆడోళ్ళవి ఉండాయి ఆడ?"

నిరంజన్ తన గది తలుపు వైపు చెయ్యి చూపించాడు. ఆరోగ్యమేరి సునయన వైపు తిరిగింది. రాత్రంతా నిద్ర లేని కళ్ళు. ఆ కళ్ళలో చనువు లేదు.

"ఆ పెట్టె యాడుండాది?"

"తాళం వేసి ఉంచానక్కా."

"పోలీసోళ్ళు వచ్చేదాకా తియ్యొద్దు."

భార్యాభర్తలు పోలీసు స్టేషనుకు వెళ్ళిపోయాక నిరంజన్ సునయనను పిలిచి తాళంచెవి అడిగాడు. అది కంపెనీ సొత్తు, ఇవ్వకపోతే ఉద్యోగం పోతుందన్నాడు. అప్పుడు కూడా గొంతు పెంచలేదు. "నీ మంచికే చెప్తున్న," అన్నాడు. సునయన సర్వర్ల గదికి వెళ్ళి, కటకటాల ముందు కుర్చీ వేసుకుని కూర్చుంది. గదిలో చలి ఎముకలు కొరికేస్తోంది. ఫ్యాన్ల హోరులో పక్కవాడి మాట వినబడదు. ఇద్దరు సెక్యూరిటీ వాళ్ళు వచ్చి కాసేపు నిలబడ్డారు గానీ, ఆడపిల్ల ఒంటి మీద చెయ్యి వేసి బ్యాగు లాక్కునే ధైర్యం వాళ్ళకు లేకపోయింది.

మధ్యాహ్నం దాటాక ఒక మహిళా ఎస్సై వచ్చింది. సునయన తాళం తీసి, ఏది ఏమిటో చెప్పింది. ఎస్సై మగవాళ్ళందరినీ గది బయటికి పంపి, ఒక్క ఫోటో చూసి, "చాలు, మూసెయ్," అంది. పెట్టెకు సీలు వేయించి తీసుకుపోయింది.

ఆ తర్వాత జరిగినవి సునయన ఇప్పటికీ తలుచుకోవడానికి ఇష్టపడదు.

ఆమెను ఉద్యోగంలోంచి తీసేశారు. కారణం, ఖాతాదారుల రహస్య సమాచారాన్ని బయటివారికి వెల్లడించడం. ఆ మాటలు చదివి ముందు నవ్వొచ్చింది, తర్వాత ఆ మెయిలు పట్టుకున్న ఫోనునే విసిరికొట్టాలనిపించింది. అనిరుధ్‌నూ మిగతా ఇద్దరినీ, కుర్రాళ్ళ భవిష్యత్తు పాడవుతుందని, తమంతట తామే మానేసినట్టు రాయించుకుని పంపించారు. నిరంజన్ అక్కడే ఉన్నాడు. పొంగల్ పండగ తర్వాత ఒక పెద్ద హోటల్లో జరిగిన సభలో ఖాతాదారుల నమ్మకాన్ని నిలబెట్టుకోవడమెలా అనే విషయం మీద ప్రసంగించాడు. ఆ వీడియో ఎవరో పంపితే సునయన చివరి దాకా చూసింది. చప్పట్లు కూడా బాగానే కొట్టారు.

కాంట్రాక్టు వాళ్ళు ఆరోగ్యమేరిని ఇంకెక్కడికీ పంపలేదు. ఆమె పెరంబూరులోనే ఒక బడి వంటగదిలో చేరింది. వీధిలో కొందరు చెవులు కొరుక్కున్నారు. వాళ్ళ చర్చిలో ఒకావిడ, అసలట్లాంటి ఫోటో ఎందుకు తీసుకోవాలని నలుగురిలో అందట. జెబరాజ్ నెల రోజులు ఇంట్లో సరిగా మాట్లాడలేదట. కోపం భార్య మీదో, తన మీదో, లోకం మీదో అతనికే తెలిసినట్టు లేదు. ఇవన్నీ సునయనకు వాళ్ళ ద్వారా వీళ్ళ ద్వారా తెలిసినవే. తను చేసిన ఫోన్లకు ఆరోగ్యమేరి జవాబివ్వలేదు. సునయన కొన్నాళ్ళకు చేయడం మానేసింది. వేరే చోట ఉద్యోగం దొరికింది. చేరిన రోజే, ఇక్కడ చెరిపేది నిజంగా చెరుపుతున్నారా అని అడిగితే, అక్కడివాళ్ళు ఆమెను విచిత్రంగా చూశారు.

ఎండలు ముదిరాక ఒక ఆదివారం ఫోను మోగింది.

"పాపా, నేను మేరిని. కోర్టు నుంచి కాయితం వచ్చింది. నీకూ వచ్చిందా?"

"వచ్చిందక్కా."

"వస్తావు కదా?"

"వస్తాను."

"సరి," అని పెట్టేసింది.

కోర్టు హాలు కిక్కిరిసి ఉంది. పైన ఫ్యాను తిరుగుతోందన్న మాటే గానీ గాలి లేదు. వెనక వరసలో ఆరోగ్యమేరి, జెబరాజ్, వాళ్ళ పక్కన తెలియని ఆడవాళ్ళు నలుగురైదుగురు ఉన్నారు. పోలీసులు కబురు పెట్టిన వందల మందిలో వచ్చింది వీళ్ళే. మిగతావాళ్ళు, అది మేం కాదు అనేసి ఫోను పెట్టేశారట. వాళ్ళను తప్పుపట్టబుద్ధి కాలేదు సునయనకు. ఆరోగ్యమేరి ఆమె వైపు చూడకుండానే జరిగి చోటిచ్చింది.

కంపెనీ వకీలు లేచాడు. మంచి సెంటు పూసుకున్నాడు, వెనక దాకా వాసన వస్తోంది. ముందు ఇంగ్లీషులో, తర్వాత తమిళంలో చెప్పుకొచ్చాడు. అవి కొలతల కోసం తీసిన నాసిరకం బొమ్మలట. వెలుతురు లేదు, ముఖాలు సరిగా కనబడవు, ఎవరివో తేల్చడం అసాధ్యమట. ఎవరిదో తెలియని బొమ్మకు పరువు ఉండదు గనక, ఇందులో నష్టపోయిన మనిషంటూ ఎవరూ లేరట. చెబుతూ చెబుతూ రుమాలుతో పెదాలద్దుకున్నాడు.

సునయన పళ్ళు బిగపట్టుకుంది. తెర మీది ఫోటో చూసి ఎవరో తేల్చుకోవడానికి బిరియానీ తినేవాళ్ళకు ఒక్క క్షణం పట్టలేదు.

పక్కన కుర్చీ కిర్రుమంది. ఆరోగ్యమేరి లేచి నిలబడింది. జెబరాజ్ కంగారుగా చెయ్యి పట్టుకుని లాగబోయాడు, మళ్ళీ ఏమనుకున్నాడో వదిలేశాడు. అడక్కుండా మాట్లాడకూడదని బంట్రోతు కసిరాడు. ఆమె వినిపించుకోలేదు.

"ఆ మనిషిని నేనేనయ్యా," అంది తమిళంలో, హాలంతా వినబడేట్టు. "ఎవరో తెలీదంటా ఉండావే, నేనే అది. ఇదో, ముందర నిలబడుండా. నా పేరు ఆరోగ్యమేరి. రాసుకోండి."

వకీలు వెనక్కి తిరిగి చూసి, వెంటనే కాగితాల్లోకి తల దించాడు. మేజిస్ట్రేటు కళ్ళజోడు సర్దుకుని, కూర్చోమని చేత్తో సైగ చేసి, గుమాస్తా వైపు తిరిగి, "రాయండి," అన్నాడు. ఆరోగ్యమేరి కూర్చుంది. అదే వరసలో ముఖం దాకా కొంగు లాక్కుని కూర్చున్న ఒక నడివయసు ఆవిడ, కాసేపు అటూ ఇటూ కదిలి, తనూ లేచి నిలబడింది.

"నా పేరు తాయారు," అంది మెల్లగా. "అందులో నాదీ ఉంది."

కేసు వచ్చే నెలకు వాయిదా పడింది.